ఆదోనిలో గోరంత విస్తరి, ఎమ్మిగనూరులో నడుమెత్తు బాన

ఆదోని వెళ్తున్నానంటే మా తెనాలిలో అందరూ ఒకే మాట అడిగారు: "మంత్రాలయానికా?" కాదంటే, "పత్తి బేరమా?" అదీ కాదంటే వాళ్ళ దగ్గర ప్రశ్నలు అయిపోయేవి. బడిలో లెక్కలు చెప్పుకునే యాభై దాటిన ఆడమనిషికి దసరా సెలవుల్లో ఆదోనిలో ఇంకేం పని ఉంటుంది?

పని ఉంది. నాకు గోరంత వస్తువులు చేసే పిచ్చి. మొక్కజొన్న పిండి, తెల్లజిగురు కలిపి ముద్ద చేసి, దానితో రూపాయి బిళ్ళ మీద పట్టేంత విస్తరి భోజనం చేస్తాను. పప్పు, గుత్తివంకాయ, అప్పడం ఎవరైనా చేస్తారు. అన్నం కష్టం. మెతుకు మెతుకూ విడిగా కనిపించాలి. నాలాంటి వాళ్ళం కొందరం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని, ఎవరు చేసింది వాళ్ళు ఫొటో తీసి పెట్టి, ఒకరినొకరు మెచ్చుకుంటూ ఉంటాం. అందులో ఆదోని షహనాజ్ అట్టముక్కలతో బొమ్మల ఇళ్ళు కడుతుంది. ఎమ్మిగనూరు ఈరన్న కుండలు చేస్తాడు. "అన్నీ ఒకచోట పెట్టి జనానికి సూపిద్దాం అక్కా, మా ఊరికి రాండి" అని షహనాజ్ పిలిచింది.

సరేనన్నాను కాని ఒక సంగతి మాత్రం చెప్పలేదు. నిరుడు బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది. అయితే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సన్నటిదేదైనా పట్టుకుంటే చాలు, వణుకు. ఏడాదిగా ఒక్క మెతుకు చేయలేదు. గ్రూపులో పెట్టేవన్నీ పాత ఫొటోలే. పాత బొమ్మలే పట్టుకెళ్ళి, బల్ల మీద పెట్టి, నాలుగు రోజులు ఊరు చూసి వచ్చేద్దాం అనుకున్నాను.

గుంతకల్లు రాకముందే

రైలు కుదుపులకు ఏదైనా విరిగిందేమోనని కిటికీ పక్కన కూర్చుని డబ్బా మూత తీసి, భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటున్నాను. తుగ్గలిలో ఎక్కిన ఒక పెద్దాయన, తలకు తువ్వాలు, ఎదురు సీట్లో కూర్చుని కాసేపు నన్నే చూశాడు. తర్వాత ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"యాడ దొరికినాయమ్మా?"

"ఏవండీ?"

"అదే... రాళ్ళు."

ఆయనది జొన్నగిరి. తొలకరి వాన పడగానే అక్కడి చేలల్లో జనం వజ్రాల కోసం నేలచూపులు చూస్తూ తిరుగుతారట. భూతద్దంతో గోరంత వస్తువును పరీక్షించే మనిషి ఆయన లెక్కలో ఇంకెవరవుతారు? "వజ్రాలు కాదండీ, అన్నం" అని భూతద్దం ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. "ఓయబ్బ, అప్పడం గూడా ఏసినావే!" అన్నాడు.

ఆ తర్వాత అటూ ఇటూ చూసి రొంటిన దోపుకున్న కాగితం పొట్లం విప్పాడు. లోపల చిన్న తెల్లరాయి. "ఎట్లాగూ అద్దం ఉండాది గదా. ఒగసారి సూడమ్మా." నాకేం తెలుసు? మా డెల్టాలో మామూలు రాళ్ళు కూడా లారీల్లో రావాల్సిందే. తెలియదండీ అన్నాను. "కాదని అయితే సెప్పలేదు గదా" అని సంతోషంగా పొట్లం కట్టేసి, గుంతకల్లులో దిగుతూ గుప్పెడు వేయించిన చెనిక్కాయలు నా ఒళ్ళో పోసి వెళ్ళాడు. మేం వేరుశనగ అనేదాన్ని వీళ్ళు చెనిక్కాయ అంటారు. ఆ గింజలకు మా ఊరి గింజలకు లేని తీపి ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

ఆదోని: డ్రమ్ములున్న వీధి

షహనాజ్‌ను ఫొటోల్లో చూడటమే కాని ఎదురుగా చూడటం అదే మొదలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మాటకంటే ముందు నవ్వు వస్తుంది. స్టేషన్ నుంచి నేరుగా ఒక బండి దగ్గరికి తీసుకెళ్ళి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించింది. నానబెట్టిన మరమరాలు, వీళ్ళ మాటలో బొరుగులు, పసుపు, పప్పులపొడి, ఉల్లిపాయలతో తాలింపు వేస్తారు. మా వైపు మరమరాలంటే పిల్లలు సాయంత్రం బుక్కే చిరుతిండి. పొద్దున్నే టిఫిన్‌గా తింటారంటే ఊళ్ళో నవ్వుతారు. నేను మాత్రం రెండో ప్లేటు అడిగాను. ప్లేటు ముప్పై రూపాయలు. మిరపకాయ కారానికి కారిన కన్నీళ్ళు ఉచితం.

ఆటోలో వెళ్తుంటే పత్తి లారీలు ఎదురయ్యాయి. రోడ్డు పక్క ముళ్ళకంపకు దూది, కరెంటు తీగకు దూది, చివరికి మా ఆటో అబ్బాయి మీసానికీ దూదే. పైన బోడికొండల మీద పాత కోట. ఇదంతా ముచ్చటగా చూస్తుండగా నాలుగురోడ్ల దగ్గర షహనాజ్ ఆటో ఆపించింది.

"అక్కా, పైకి సూడండి!"

పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో నా మొహం, కళ్ళజోడుతో సహా. కింద ఎర్రటి అక్షరాలు: 'తెనాలి రాజ్యలక్ష్మి గారు మీ కళ్ళముందే గోరంత భోజనం చేసి చూపిస్తారు.'

"ఎట్ల ఉండాది సర్‌ప్రైజు?"

"బాగుంది" అన్నాను. కుడిచేతిని కొంగు కిందికి లాక్కున్నాను.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. ముందు ఆమె కట్టిన బొమ్మల వీధి చూపించింది. చూశాక నా సంగతి మరిచిపోయాను. మట్టి మిద్దెల ఇళ్ళు, మిద్దె మధ్యలో వెలుతురు కోసం గవాక్షి, అరుగు మీద మేకపిల్ల, ప్రతి గడప పక్కనా నీలం రంగు నీళ్ళ డ్రమ్ములు. "అన్ని డ్రమ్ములెందుకు?" అని అడిగానో లేదో, బయట కేకలు వినిపించాయి. కుళాయి వచ్చింది! క్షణంలో వీధి వీధంతా బిందెలతో కదిలింది. రోజూ వచ్చే నీళ్ళు కావవి. వచ్చినరోజు పండగే. కాలువ గట్టు మీద పుట్టి పెరిగిన నేను కూడా ఒక బిందె ఎత్తాను, ఎడమచేత్తో.

నీళ్ళు పట్టడం అయ్యాక షహనాజ్ అత్తగారు జులేఖాబీ మంచం మీదికి చేరి నన్ను పైనుంచి కిందికి చూసింది. మోకాళ్ళ నొప్పులు, మోటు మాట, తెల్లటి దుపట్టా.

"ఏమ్మా, నువ్వు గూడా ఎలకలకు ఇండ్లు కడతావా?"

"లేదమ్మా. నేను ఎలకలకు భోజనం వండుతాను."

ఆమె నవ్వలేదు. కోడలి వైపు తిరిగి, "ఈ జిగురు కంపుకు నా తలకాయ పోతాంది. పనీపాటా లేనోళ్ళందరూ దోస్తులైనారు నీకు" అంది. ఇంతలో షహనాజ్ భర్త రఫీ బట్టల కొట్టు నుంచి వచ్చాడు. ఆయన వెనకే బంధువులు. ఆపైన బగారా అన్నం, దాల్చా. మా పప్పుచారులో మాంసం ముక్క వేస్తే పాపం. వీళ్ళ దాల్చాలో వేయకపోతే పాపం. కడుపు నిండా తిని పడుకున్నాను. చెప్పాల్సింది చెప్పనేలేదు.

షాదీఖానా పైహాలు

మర్నాడు పొద్దున పదింటికల్లా షాదీఖానా పైహాలు నిండిపోయింది. బల్లల మీద షహనాజ్ వీధి, కోడుమూరు నుంచి వచ్చిన ఒకాయన అగ్గిపుల్లల ఎడ్లబండ్లు, ఈరన్న కుండలు, కూజాలు, నా విస్తళ్ళు. ఈరన్నను కూడా అక్కడే మొదటిసారి చూశాను. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటాడు. గోళ్ళలో మట్టి. తాతల నాటి నుంచి మగ్గం నేసే ఇల్లు. "మా ఇంట్లో అందురికీ నూలు పిచ్చి, నాకు మాత్రం మన్ను పిచ్చి అక్కా" అని తనే నవ్వాడు.

పత్తి వ్యాపారి ఒకాయన బల్లలన్నీ చుట్టివచ్చి షహనాజ్‌ను అడిగాడు: "అంతా బాగనే ఉండాది. ఇవి దేనికి పనికొస్తాయి?"

"దేనికీ పనికిరావు భాయ్. అందుకే సేస్తాము" అంది షహనాజ్. ఆయన వెనక్కి వెళ్ళి, అగ్గిపుల్లల బండి ముందు మళ్ళీ నిలబడ్డాడు.

ఇక నా వంతు వచ్చింది. చుట్టూ జనం. ముందు కుర్చీలో జులేఖాబీ. కోడలు ఏం చేస్తోందో చూసి పోదామని వచ్చానంది. ముద్ద పిసికాను. పప్పు గిన్నె ఎలాగో చేశాను. అన్నం దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి. మెతుకు అనుకున్నది నలిగి ఉండైంది. మళ్ళీ తీసుకున్నాను. చేయి అదిరి విస్తరికి తగిలింది. పప్పు గిన్నె దొర్లుకుంటూ బల్ల దిగి ఎవరి చెప్పుల మధ్యకో పోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత హాలంతా నిశ్శబ్దం. నవ్వే నయమనిపించింది.

"క్షమించండి" అన్నాను. "నిరుడు చేయి విరిగింది. సన్నపని చేస్తే వణుకుతోంది. అప్పటినుంచి చేయలేదు. చేయగలనేమో అనుకున్నాను."

షహనాజ్ మొహం చూడలేకపోయాను. ఆమె నా పక్కకు వచ్చి ఏదో అనబోతుండగానే, ముందు కుర్చీ కిర్రుమంది. జులేఖాబీ మోకాళ్ళు పట్టుకుని లేచి, బల్ల దాకా వచ్చి, ముద్దను రెండు వేళ్ళతో నొక్కి చూసింది.

"ఇది పిండి గదమ్మా!"

"పిండేనమ్మా, మొక్కజొన్న పిండి."

"జరుగు" అంది. దుపట్టా వెనక్కి తోసింది. చిటికెడు ముద్ద తీసుకుని ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టి కుడి బొటనవేలితో ఒక నలుపు నలిపింది. బియ్యపు గింజ కంటే సన్నటిది, రెండు కొసలూ మొనదేలినది, బల్ల మీద రాలింది. ఇంకొకటి. ఇంకొకటి. ఆమె చేతివైపు చూడటం కూడా లేదు.

"అమ్మీ! నీకెట్ల వచ్చు?" అంది షహనాజ్.

"రంజాన్‌కు సేమ్యాలు ఎవురు సేసినారనుకున్నావు? మా కాలంలో ప్యాకెట్లు ఉండెనా? మా యమ్మ, నేను, మా అక్కోళ్ళు పదిదినాలు కూకోని నలిపేటోళ్ళం. నువ్వు కాపరానికి వచ్చినంక రఫీ ప్యాకెట్లు తెస్తాండాడు." తన వేళ్ళు చూపించి, అందరికీ వినపడేలా అంది: "ఏళ్ళు ఊరికే పడి ఉండాయి."

ఆ మాట నాకు సూటిగా వచ్చి తగిలింది. నావీ అంతే కదా.

ఇక ఇద్దరం కలిసి చేశాం. నేను నోటితో, ఆమె చేత్తో. "కొంచెం పొట్టిగా అమ్మా, ఇది సోనా మసూరి" అంటే, "మీ బియ్యం పేర్లు నాకు సెప్పొద్దు, ఎంత కావల్లనో సూపీ" అనేది. మెతుకుల్ని కుప్ప పోసి మధ్యలో గుంట చేయమన్నాను. ఎందుకంది. నెయ్యికి అన్నాను. అప్పుడు నవ్విందామె, రెండు రోజుల్లో మొదటిసారి. వంకాయకు తొడిమ మాత్రం నేనే పెట్టాను. కాస్త వంకరగా కూర్చుంది. వంకాయలు వంకరగానే ఉంటాయని కోడుమూరాయన తీర్పు చెప్పాడు.

జనం కుర్చీలెక్కి చూశారు. భోజనాల వేళ దాటినా కదల్లేదు. పొరుగింటామె ఒకతె, "జులేఖా, మాకూ నేర్పీ" అంటే, జులేఖాబీ గంభీరంగా, "రేపు గాదు. రేపు నేను ఎమ్మిగనూరు పోతాండా, కుండలు సూడనీకి" అంది. ఆ సంగతి మాకూ అప్పుడే తెలిసింది.

ఎమ్మిగనూరు: మగ్గం ఇంట్లో సారె

బస్సులో జులేఖాబీకి కిటికీ సీటు, ఆమె ఒళ్ళో టిఫిన్ క్యారియరు, ఆ తర్వాతే మేము. దారి పొడవునా ఎర్రనేల, నల్లనేల, పత్తి, మిరప. మా వైపు ఎటు చూసినా పచ్చదనం కళ్ళకు అడ్డం పడుతుంది. ఇక్కడ చూపు ఎంత దూరమైనా పోతుంది.

ఈరన్న ఇంట్లో అడుగుపెడితే ముందుగదిలో మగ్గం, టకటకమని దాని చప్పుడు, దాని మీద ఆయన భార్య నాగమ్మ. పెరట్లో కుండలు చేసే సారె. పాత వాషింగ్ మెషీన్ మోటారు బిగించి ఆయనే చేసుకున్నాడు. కుమ్మరి స్నేహితుడి దగ్గర కూర్చుని కూర్చుని నేర్చుకున్న విద్య అది.

"మగ్గం మీద కూకోమంటే మన్నులో కూకుంటాడు" అని నాగమ్మ మాకు జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెడుతూ ఫిర్యాదు చేసింది. "పోనీ, తాగుడు లేదు, పేకాట లేదు. మన్నే గదా అని ఊరుకుంటా."

పెరటి మూల నీడలో ఒక బాన ఉంది. నా నడుమెత్తు. అంత పెద్దది చేయాలని ఎన్నోసార్లు ప్రయత్నించి, ఎన్నోసార్లు కూలగొట్టుకుని, చివరికి నిలబెట్టాడట. నెలరోజులుగా ఆరుతోంది. వీధిలో గేటు పక్కన పెట్టి, దారిన పోయేవాళ్ళకు చల్లటి నీళ్ళు పోయాలని ఆయన కోరిక. దాని దగ్గరికి పోయినప్పుడల్లా ఈరన్న ఊరికే ఒకసారి అరచేత్తో నిమిరి వచ్చేవాడు.

షహనాజ్, నేను ఒకరి తర్వాత ఒకరం సారె ముందు కూర్చున్నాం. షహనాజ్ గిన్నె చేసింది. జులేఖాబీ కూర్చోలేనని నిలబడే పెత్తనం చేసింది. నా చేతిలో కుండ అంచు తిన్నగా లేవలేదు. చేయి వణికిన చోటల్లా ఒక అల. కూలగొట్టబోయాను.

"వద్దొద్దు, ఉండనీ అక్కా!" అని ఈరన్న మోటారు ఆపేశాడు. "ఇట్లాంటి అలలు నేను కావాలన్నా రావు."

"మర్యాదకు అనకండి ఈరన్న గారూ."

"మర్యాద గాదు. నిజంగానే రావు."

కుండను తీసి పీట మీద పెట్టాడు. ఏడాది తర్వాత నేను ఒక్కదాన్నే పూర్తి చేసిన మొదటి వస్తువు. అటునుంచి చూశాను, ఇటునుంచి చూశాను. ఎక్కడినుంచి చూసినా వంకరే. భలే ముద్దొచ్చింది.

ఎండబెట్టిన రెండు రోజులు

తప్పు మాదే. ఇంటికి వెళ్ళేలోపు మా కుండలు కాల్చి ఇమ్మని బతిమాలాం. నీడలో వారమైనా ఆరాలని ఈరన్నకు తెలుసు. తెలిసీ, అతిథుల మొహాలు చూసి మెత్తబడ్డాడు. "రెండు దినాలు మిద్దె మీద ఎండకు పెడితే సాలేమో" అన్నాడు. "సాలదు" అంది నాగమ్మ మగ్గం మీద నుంచే. ఎవరూ వినలేదు.

షహనాజ్, అత్తగారు ఆదోని వెళ్ళి, కుండలు కాల్చే ఆవం తీసే రోజుకు వస్తామన్నారు. నేను ఉండిపోయాను. ఆ రెండు రోజులూ నాగమ్మ దగ్గర మగ్గం చూశాను. బజారులో తువ్వాళ్ళు కొన్నాను. ఒళిగలు తిన్నాను. మా బొబ్బట్లే, కాని పాలు పోసుకుని, నెయ్యి వేసుకుని, చేత్తో పిసుక్కుని తింటారు. కన్నడ, తెలుగు కలిపి మాట్లాడే తువ్వాళ్ళ కొట్టాయనకు నా తెలుగే అర్థం కాలేదు. "ఏ దేశమమ్మా మీది?" అన్నాడు. గుంటూరు పక్క అంటే, "ఓ, సినిమా తెలుగు" అన్నాడు.

రెండో రోజు సాయంత్రం ఊరి బయట ఆవం పేర్చారు. కింద పిడకలు, పత్తికట్టె. నడుమ ఈరన్న బాన. దాని చుట్టూ మా గిన్నెలు, కుండలు. పైన గడ్డి, తడిమట్టి. నిప్పు పెట్టి, కాస్త ఎడంగా కూర్చుని టీ తాగుతున్నాం.

టప్.

ఈరన్న గ్లాసు కింద పెట్టాడు.

టప్. టప్. కాసేపటికి లోపలినుంచి బరువైన, బొంగురు చప్పుడు ఒకటి వచ్చింది. అది ఏమిటో ఆయన మొహం చూస్తేనే తెలిసింది. "నేను సెప్పలేదా" అని నాగమ్మ అనలేదు.

ఆవం తీసిన పొద్దున

పొద్దున్నే షహనాజ్, జులేఖాబీ వచ్చేసరికి ఈరన్న బూడిద తోస్తున్నాడు. పచ్చి ఆరని మా కుండలు ఒక్కటొక్కటే పేలి, పక్కనున్న బానను కొట్టాయి. బాన రెండుగా చీలింది. షహనాజ్ గిన్నె పెంకులు. నా కుండలో మిగిలింది అరచేతి వెడల్పు అంచు ముక్క.

ఈరన్న ఒక రాయి మీద కూర్చున్నాడు. నేనే దగ్గరికి వెళ్ళి, "మా తొందర వల్లే మీ బాన పోయింది" అన్నాను.

ఆయన బాన ముక్క ఒకటి తీసి వేలితో మీటాడు. కంగుమంది. మళ్ళీ మీటాడు. "కాలడం బాగనే కాలింది" అన్నాడు మెల్లగా. "నిలబెట్టనీకి వస్తాదని తెలిసిపాయ గదా. ఇంగోటి నిలబెడతా." ఆ ముక్కను మాత్రం చేతిలోంచి వదల్లేదు.

నా అంచు ముక్కను పట్టుకుని నిలబడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకే ఆశ్చర్యం వేసింది. అంత వంకర కుండకు ఏడుపేమిటి? తర్వాత తోచింది: ఏడాదిగా నాది ఏదీ పగల్లేదు. చేస్తేనే కదా పగిలేది. ఆ దుఃఖం వచ్చినందుకు, నిజం చెప్తున్నాను, లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది.

ఇంటికి వచ్చాక ఈరన్న కాఫీ కూడా తాగలేదు. పెరట్లో గుంటలో నానేసిన మట్టిని పారతో తిరగేసి, పంచె ఎగ్గట్టి దిగాడు. తొక్కడం మొదలుపెట్టాడు.

"ఈ మనిషికి ఇంకా బుద్ధి రాలేదు సూడు" అంటూ నాగమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి ఆ మట్టిలోనే పోసింది.

"అక్కా, మీ బస్సు" అంది షహనాజ్ గడియారం చూసి.

"పోనీ, పోతే ఇంగోటి ఉండాది" అంది జులేఖాబీ అరుగు మీద నుంచి. "నాకు ఈ మోకాళ్ళు లేకుంటే నేనే దిగుదును."

నేను చెప్పులు విప్పి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని గుంటలో దిగాను. మట్టి చల్లగా పాదాలను మింగింది. ఒక అడుగు గబుక్కున వేశాను, కాలు జారింది. ఈరన్న నా మోచేయి పట్టుకుని నిలబెట్టాడు.

"నిదానంగా తొక్కక్కా" అన్నాడు. "ఈతూరి ఎవురికీ తొందర లేదు."